చంద్రునిపై ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు

1969 జూలై మొదలు 1972 డిసెంబరు వరకు, అనగా మూడున్నర సంవత్సరముల లోపల, పన్నెండుగురు మానవులు చంద్రుని నేలపై నడచినారు. వారిలో పదకొండుగురు విమానములు నడుపుట వృత్తిగా గలవారు. యుద్ధవిమానములలో ఆరితేరినవారు, ప్రమాదమునకు అలవాటుపడినవారు. మిగిలిన ఒక్కడు మాత్రము సుత్తి చేతబట్టి కొండలవెంట తిరిగి, రాళ్ళు పగులగొట్టి చూచిన భూగర్భ శాస్త్రజ్ఞుడు. అతని పేరు హారిసన్ ష్మిట్. స్నేహితులు జాక్ అని పిలుతురు. చంద్రునిపై అడుగుపెట్టిన వారి వరుసలో ఇతడు పన్నెండవవాడు, కడపటివాడు. అయితే కడపట ఆ నేలను విడిచి నిచ్చెన ఎక్కినవాడు ఇతడు కాదు. ఇతని నాయకుడైన యూజీన్ సెర్నన్. ఈ రెండు సంగతులను కలగాపులగము చేసి చెప్పువారు కద్దు గనుక ముందే విడదీసి చెప్పుచున్నాను.

శాస్త్రజ్ఞుని చంద్రునికి పంపవలెనా, లేక విమాన చోదకునికే కొంత శాస్త్రము నేర్పి పంపవలెనా అను వాదము అమెరికాలో ఆ రోజులలో చాలకాలము జరిగినది. రెండు పక్షములలోను బలమున్నది. చంద్రునిపై నౌకను దింపుట ప్రాణములతో చెలగాటము. గాలి లేని చోట రాకెట్టు మంటపై నిలిచి, ఇంధనము నిమిషములలో తరిగిపోవుచుండగా, బండరాళ్ళ నడుమ చదును నేల వెదకికొని దిగవలెను. అట్టి పనికి సగము జీవితము విమానములో గడపినవారే తగుదురని నిర్వాహకుల అభిప్రాయము. శాస్త్రజ్ఞుల అభిప్రాయము వేరు. ఇంత ధనము వ్యయపరచి వెళ్ళునది దిగి రావడానికేనా? అక్కడ చూడవలసినది చూడగల కన్ను ఒక్కటైనా వెళ్ళవద్దా? అని వారు అడిగినారు.

రాయిని తెచ్చుట వేరు, రాయి ఉన్న చోటును చదువుట వేరు. మన పల్లెలలో గుడి ముందర నిలిచియున్న శాసనమును శాసన పరిశోధకుడు చూచినప్పుడు అక్షరములను మాత్రమే చదువడు. రాయి ఏ దిక్కునకు నిలిచినది, దాని పాదము ఎంత లోతున్నది, ప్రక్కన ఏ కట్టడము శిథిలమైయున్నది, ఇవన్నియు చూచును. అదే రాయిని ఊరు పేరు వ్రాయకుండ పెరికి తెచ్చి ఒక గదిలో పడవేసినచో సగము చరిత్ర పోయినట్లే. భూగర్భ శాస్త్రజ్ఞునికి ప్రతి రాయియు అట్టి శాసనమే. ఏ పొర మీద ఏ పొర పడినది, ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్నలకు సమాధానము ప్రయోగశాలలో కంటె ముందు ఆ చోటనే దొరకవలెను.

ష్మిట్ 1935 జూలై 3వ తేదీన అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రములో శాంతా రీటా అను ఊరిలో పుట్టినాడు. తండ్రి గనుల భూగర్భ శాస్త్రజ్ఞుడు. శాంతా రీటా రాగిగని మీద బ్రతికిన ఊరు. ఆ గని భూమిని తొలిచి పోవు సొరంగము కాదు. పైనుండి తవ్వుకొనుచు పోయెడు విశాలమైన గుంట. ఏటేట గుంట వెడల్పగుచు వచ్చి, తుదకు ఊరినే మ్రింగివేసినది. ఇండ్లు, వీధులు, బడి ఉన్న చోట ఇప్పుడు నేలయే లేదు, గాలి మాత్రమున్నది. అక్కడ పుట్టినవారు తాము 'ఆకాశములో పుట్టినవారము' అని పరిహాసముగా చెప్పుకొందురు. అంతరిక్షమునకు పోయివచ్చిన ష్మిట్ విషయములో ఆ పరిహాసము రెండింతలు చెల్లును.

బాల్యమంతయు సమీపములోని సిల్వర్ సిటీలో గడచినది. 1957లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పట్టము పొంది, ఆ ఏడే నార్వే దేశములోని ఆస్లో విశ్వవిద్యాలయమునకు వెళ్ళినాడు. నార్వే పడమటి తీరపు కొండలలో భూమి లోతులలో నలిగి, ఒత్తిడికి రూపుమారి మరల పైకి వచ్చిన రాళ్ళున్నవి. వాటి పరిశీలన మీదనే ఆధారపడి 1964లో హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము తీసికొన్నాడు. ఆ నడుమ నార్వే భూగర్భ పరిశోధన శాఖ పక్షమునను, అమెరికా శాఖ పక్షమునను కొండలలో పనిచేసినాడు. ఇంతవరకు ఇది మంచి భూగర్భ శాస్త్రజ్ఞుని సాధారణ చరిత్ర.

1964లో అతడు అరిజోనా రాష్ట్రములోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో చేరినాడు. అక్కడ యూజీన్ షూమేకర్ అను శాస్త్రజ్ఞుడు గ్రహముల భూగర్భ శాస్త్రమునకు ఒక కేంద్రము నెలకొల్పి యుండినాడు. చంద్రుని మీది గుంటలు అగ్నిపర్వతముల నోళ్ళు కావు, ఉల్కల తాకిడిచే ఏర్పడిన గాయములని గట్టిగా వాదించినవారిలో షూమేకర్ ముఖ్యుడు. చంద్రునిపై సుత్తి వేయవలెనని ఆయనకు చిరకాలపు కోరిక. కాని మూత్రపిండములపై నుండు గ్రంథులకు సంబంధించిన వ్యాధి సోకి, ఆ ఆశ వదలుకొనవలసి వచ్చినది. చంద్రునిపై నడచువారు ఏ పనిముట్లు వాడవలెను, ఏ క్రమములో నమూనాలు తీయవలెను అను పరిశీలన ఫ్లాగ్‌స్టాఫ్‌లో ష్మిట్‌కు అప్పగించినారు. తాను వెళ్ళుదునని అప్పటికి అతడు ఎరుగడు.

1964లో శాస్త్రజ్ఞులను వ్యోమగాములుగా తీసికొందుమని ప్రకటన వెలువడినది. అంతకుముందే 1964 అక్టోబరులో సోవియట్ దేశము ఒక నౌకలో చోదకునితో పాటు ఆ నౌకల రూపకల్పనలో పాలుగొన్న ఫియోక్తిస్తోవ్‌ను, యెగోరోవ్ అను వైద్యుని కూడ పంపియుండినది. అమెరికాలో వెయ్యిమందికి పైగా దరఖాస్తు పెట్టినారు. వారి యోగ్యతను జాతీయ విజ్ఞాన పరిషత్తు వడపోసినది. తుదకు 1965 జూన్ నెలలో ఎన్నికైనవారు ఆరుగురు. వారిలో ఒకడు కొద్ది నెలలకే రాజీనామా చేసినాడు. మరొకడు, చంద్రునికి పోవు అవకాశము కానరాక, 1969లో తన విశ్వవిద్యాలయమునకు మరలిపోయినాడు. కర్విన్, గారియట్, గిబ్సన్ అను మువ్వురు 1973లో స్కైలాబు అను ఆకాశ కేంద్రమునకు వెళ్ళినారు. చంద్రుని చేరినవాడు ష్మిట్ ఒక్కడే.

ఎన్నికైన తరువాత మొట్టమొదట చేయించిన పని విమానము నేర్పుట. ముప్పది ఏండ్ల వయస్సులో, డాక్టరు పట్టము పుచ్చుకొన్న తరువాత, ఇరువది ఏండ్ల కుర్రవాండ్రతో కలిసి ఏడాదిపాటు వైమానిక శిక్షణ పొందినాడు. జెట్ విమానము నేర్చినాడు, హెలికాప్టరు నేర్చినాడు. ఇది అతనికి రుచించినదో లేదో గాని, వెనుకకు మాత్రము తగ్గలేదు. చోదకుల ప్రపంచములో చోదకుడు కానివానికి మన్నన లేదు. ఆ మన్ననను సంపాదించుకొనుట కూడ తన పనిలో భాగమే అని అతడు గ్రహించినట్లు తోచును.

నా దృష్టిలో ష్మిట్ జీవితములో మిక్కిలి గొప్ప పని ఇంటిపట్టున జరిగినదే. మొదట వ్యోమగాములకు భూగర్భ శాస్త్రము తరగతి గదిలో నేర్పినారు. ఖనిజముల పేర్లు, స్ఫటికముల ఆకృతులు వల్లెవేయించినారు. వారు ఆవులించినారు. ష్మిట్ ఇది ఫలించదని గ్రహించి, తాను చదివిన కాలిఫోర్నియా విద్యాసంస్థ ఆచార్యుడు లీ సిల్వర్‌ను బ్రతిమాలి పిలిచికొని వచ్చినాడు. 1969లో సిల్వర్ నలుగురు వ్యోమగాములను కాలిఫోర్నియాలోని ఓరోకోపియా కొండలకు తీసికొని పోయి ఎడారిలో కూర్చుండబెట్టినాడు. 'ఈ కొండను చూచి, దీనిని ఎన్నడు చూడనివానికి మాటలతో చూపించండి' అను పద్ధతిలో పాఠము నడిపినాడు. పోటీ అనిన చోదకులకు ప్రాణము. ఎవరు ఎక్కువ గమనించిరి, ఎవరు తక్కువ మాటలలో చెప్పిరి అను పందెములోనికి దిగినారు. శాస్త్రము వారికి ఆటయైనది.

ఫలితము 1971లో కనబడినది. అపోలో 15వ యాత్రలో స్కాట్, ఇర్విన్ అనువారు చంద్రుని కొండపాదమున తెల్లని రాయి నొకదానిని చూచి, అది ఏమిటో అక్కడికక్కడే గుర్తించినారు. అది అనార్థొసైటు. చంద్రుడు పుట్టినప్పుడు పైభాగమంతయు కరిగిన శిలాసముద్రమై యుండగా, తేలికయైన ఖనిజము మీగడవలె పైకి తేలి గట్టిపడి ఏర్పడినది చంద్రుని తొలి పైపొర. ఆ పొరలోని రాయి ఇది. మనకు చంద్రునివైపు చూచునప్పుడు తెల్లగా మెరయు భాగమంతయు ముఖ్యముగా ఈ జాతి రాయియే. అనార్థొసైటు మన నేలకు కొత్తది కాదు. ఖమ్మం జిల్లాలో చీమలపాడు ప్రాంతమున ఈ జాతి రాళ్ళు విస్తారముగా ఉన్నవి, అవి ఏర్పడిన విధము వేరైనను. నల్లగా కనబడు మచ్చలు లావా గట్టిపడిన బసాల్టు. వికారాబాదు వైపు, రాజమహేంద్రవరము సమీపమున మనవారు చూచెడి నల్లరాయికి అది దూరపు చుట్టము.

ఇక ప్రయాణపు సీటు సంగతి. ష్మిట్‌ను 15వ యాత్రకు ప్రత్యామ్నాయ బృందములో ఉంచినారు. ఆనవాయితీ ప్రకారము ఆ బృందము మూడు యాత్రల తరువాత, అనగా 18వ యాత్రలో వెళ్ళవలెను. కాని 1970 సెప్టెంబరులో ధనము చాలదని తుది యాత్రలను రద్దుచేసినారు. 17వ యాత్రయే ఆఖరు అని తేలినది. దానికి సెర్నన్ నాయకుడు, రొనాల్డ్ ఇవాన్స్ ప్రధాన నౌకకు చోదకుడు, జో ఎంగిల్ చంద్రావతరణ నౌకకు చోదకుడు కావలసియున్నది. చంద్రుని రాళ్ళ కొరకు ఇన్ని యాత్రలు జరిగి, ఒక్క భూగర్భ శాస్త్రజ్ఞుడైనను వెళ్ళకుండ ముగియుట సిగ్గుచేటని శాస్త్రజ్ఞులు గట్టిగా పట్టుబట్టినారు. 1971 ఆగస్టులో ఎంగిల్ పేరు కొట్టివేసి ష్మిట్ పేరు వ్రాసినారు.

ఎంగిల్ సామాన్యుడు కాడు. రాకెట్టుతో నడచు ఎక్స్-15 విమానమును పదునారుమార్లు నడపి, 1965లో మూడుమార్లు 80 కిలోమీటర్లకు మించిన ఎత్తునకు పోయినవాడు. సెర్నన్‌తో కలిసి 14వ యాత్ర ప్రత్యామ్నాయ బృందములో శిక్షణ పొందినవాడు. తనతో ఎంగిల్‌నే పంపుమని సెర్నన్ కోరినాడు. నిర్ణయము మారలేదు. ఒకరికి న్యాయము జరుగుటకు మరొకరికి అన్యాయము జరుగవలసి వచ్చిన ఘట్టమిది. శాస్త్రజ్ఞుల వాదము సరియైనదేయని నా నమ్మకము. అయినను చంద్రుడు చేతికందవచ్చి జారిపోయిన ఆ మనిషిని తలచుకొనిన మనస్సు చివుక్కుమనును. ఎంగిల్ 1981లో, 1985లో అంతరిక్ష విమానములను నడిపినాడు. 2024లో మరణించినాడు. చంద్రునికి మాత్రము పోలేదు.

సెర్నన్ తన అసంతృప్తిని శిక్షణలోనికి రానీయలేదు. ష్మిట్ ఊరక కూర్చుండువాడు కాడు. చంద్రుని ఆవలివైపు, భూమికి ఎన్నడు కనబడని భాగములో, త్సియొల్కోవ్‌స్కీ అను గర్తములో దిగుదమని ప్రతిపాదించినాడు. చంద్రుడు అడ్డమువచ్చి భూమితో మాట సాగదు గనుక, వార్తలు అందించుటకు వేరొక ఉపగ్రహము కావలెను. ధనము లేదు, ప్రమాదము హెచ్చు అని ఆ ప్రతిపాదనను త్రోసిపుచ్చినారు. తుదకు ప్రశాంత సముద్రమునకు ఉత్తరముగా, ఒక లావా మైదానపు అంచున, వృషభ పర్వతముల నడుమ నున్న టారస్-లిట్రో అను లోయను ఎన్నుకొన్నారు. ఇరువైపుల రెండేసి కిలోమీటర్లకు మించిన ఎత్తుగల కొండలు, క్రింద నల్లని లావా నేల. పాతరాయి, కొత్తరాయి ఒకే చోట దొరకు స్థలము.

1972 డిసెంబరు 7వ తేదీ అర్ధరాత్రి దాటిన అరగంటకు, రెండు గంటల నలువది నిమిషముల ఆలస్యముగా, ఫ్లారిడా తీరమున రాకెట్టు లేచినది. ఆ జాతి మహారాకెట్టు రాత్రివేళ లేచుట అదొక్కసారియే. దారిపొడుగున ష్మిట్ కిటికీలో నుండి భూమిని చూచుచు, ఏ సముద్రముపై ఏ మేఘము తిరుగుచున్నదో, ఎక్కడ గాలివాన పట్టునో గంటల తరబడి చెప్పుచు వచ్చినాడు. బయలుదేరిన అయిదు గంటలకు, సుమారు 29,000 కిలోమీటర్ల దూరమునుండి ఆ నౌకలో తీసిన ఛాయాచిత్రము నేడు ప్రపంచమంతట గోడలపై వ్రేలాడుచున్నది. ఆఫ్రికా, అరేబియా, దక్షిణ ధ్రువపు మంచు నిండుగా కనబడు గుండ్రని నీలిభూమి. ఆ చిత్రములో పైన కుడివైపు అంచున ఒక తెల్లని సుడి ఉన్నది. రెండు దినముల ముందు తమిళనాడు తీరమున కడలూరును కొట్టిన తుపాను అది. మన ప్రక్క రాష్ట్రములో ఇండ్లు కూల్చిన గాలి, ఆ దూరమునుండి చూచువారికి ప్రత్తిపింజవలె అగపడినది.

డిసెంబరు 11వ తేదీన సెర్నన్, ష్మిట్ లోయలో దిగినారు. ఇవాన్స్ పైన కక్ష్యలో తిరుగుచుండినాడు. దిగినవారు అక్కడ సుమారు 75 గంటలున్నారు. మూడుమార్లు బయటికి వచ్చి మొత్తము 22 గంటలు పనిచేసినారు. విద్యుత్తుతో నడచు చిన్నబండిపై 35 కిలోమీటర్లు తిరిగినారు.

అది ఉల్లాసయాత్ర కాదు. గాలినింపిన చేతితొడుగు లోపల ప్రతిమారు పిడికిలి బిగించుట రబ్బరు బంతిని నొక్కినట్లుండును. గంటలు గడచుకొలది ముంజేతులు కొయ్యబారును. మొదటి దినముననే సెర్నన్ సుత్తి తగిలి బండి చక్రముపైనున్న రేకు విరిగినది. నడుపుచుండగా దుమ్ము వానవలె మీద కురిసినది. చంద్రుని దుమ్ము మన వీధి దుమ్ము వంటిది కాదు. గాలికి, నీటికి అరగినది కాదు గనుక గాజుపెంకుల పొడివలె కోయును. మరునాడు నాలుగు పటములను అట్టపట్టీలతో అతికించి, దీపమునకు వాడు బిగింపులతో బిగించి ఆ రేకు స్థానమున పెట్టినారు. అది చివరివరకు నిలిచినది. నౌకలో తలతొడుగులు తీయగా దుమ్ము తుపాకిమందు వాసన వేసినది. ష్మిట్‌కు ముక్కుదిబ్బడ వేసినది. చంద్రధూళి మానవునికి పడదని మొదట చెప్పిన ముక్కు అదేనేమో!

రెండవ దినము వారు షార్టీ అను గుంటను చేరినారు. దాని అడ్డుకొలత సుమారు 110 మీటర్లు. గట్టు నల్లగా ఉన్నందున అది అగ్నిపర్వతపు నోరేమో అని పైనుండి తీసిన చిత్రములను చూచినవారికి అనుమానము. అంచున నడచుచున్న ష్మిట్ తన బూటు కదలించిన మట్టిని చూచి ఆగిపోయినాడు. నారింజరంగు! మూడేండ్ల యాత్రలలో చంద్రునిపై చూచినది దాదాపు అంతయు బూడిద, నలుపు, తెలుపే. తలతొడుగు ముందరి బంగారుపూత అద్దము చేయు మోసమా అని దానిని పైకెత్తి మరల చూచినాడు. రంగు పోలేదు. సెర్నన్ కూడ చూచి అవునన్నాడు.

అప్పుడు వారికి ఉన్నది అరగంట మాత్రమే. బండి చెడిపోయినచో నడచి నౌకను చేరుటకు చాలినంత ప్రాణవాయువు వీపుపై మిగిలియుండవలెనని నియమము. ఆ లెక్క ప్రకారము షార్టీ వద్ద గడియారము నిర్దయగా నడచుచున్నది. ఆ అరగంటలో ష్మిట్ చేసినది చూచిన, శాస్త్రజ్ఞుని ఎందుకు పంపవలెనో తెలియును. ఎత్తి సంచిలో వేసికొని పోలేదు. నారింజ మట్టికి అడ్డముగా గాడి త్రవ్వినాడు. రంగు పట్టీ ఎంత వెడల్పో, అంచులు ఎంత నిక్కముగా తెగియున్నవో, రెండువైపుల బూడిదరంగు మట్టి ఎట్లు పొదివికొనియున్నదో మాటలతో వర్ణించినాడు. లోపలినుండి వేరుగా, ప్రక్కలనుండి వేరుగా నమూనాలు తీయించినాడు. సెర్నన్ గొట్టమొకటి నేలలోనికి దించి పైకి తీయగా, క్రింది కొన మసివలె నల్లగా వచ్చినది. ఛాయాచిత్రములు తీసికొని, సమయము మించకముందే బండి ఎక్కినారు.

ఆ క్షణమున ష్మిట్ ఊహించినది, అగ్నిపర్వతపు ఆవిరి తగిలి మట్టి త్రుప్పుపట్టినదేమో అని. అట్లయిన చంద్రుడు ఇటీవలివరకు లోన వేడిగా ఉన్నట్లు. భూమిపై పరీక్షించగా ఆ ఊహ నిలువలేదు. నారింజ మట్టి త్రుప్పు కాదు, గాజు. మిల్లీమీటరులో ఇరువదియైదవ వంతు పరిమాణముగల చిన్నచిన్న గాజుపూసలు. సుమారు 350 కోట్ల సంవత్సరముల క్రిందట, చంద్రుని లోపల కొన్ని వందల కిలోమీటర్ల లోతునుండి కరిగిన శిల పైకి చిమ్మి, తారాజువ్వవలె ఎగసి, పడులోపల చల్లారి పూసలైనది. టైటేనియము మిక్కుటముగా ఉండుటచే ఆ రంగు. గొట్టము అడుగున వచ్చిన నల్లనిది కూడ అదే పదార్థము. నెమ్మదిగా చల్లారుటచే స్ఫటికములుగా మారినది. ఆ పూసలపై లావా కప్పికొని కోట్ల యేండ్లు దాచినది. పిమ్మట ఒక ఉల్క పడి షార్టీ గుంటను త్రవ్వి, ఆ నిధిని అంచున పెట్టినది. ఊహ తప్పినను, గాడి త్రవ్వి వేరువేరుగా తీసిన నమూనాలే ఈ కథను తేల్చినవి.

ఆ గాజుపూసలు అంతటితో మౌనము వహించలేదు. చంద్రుడు ఎముకవలె ఎండినవాడని ముప్పదియైదేండ్లు అందరు నమ్మినారు. 2008లో బ్రౌన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆల్బెర్టో సాల్, అతని సహచరులు కొత్త పరికరములతో అపోలో యాత్రలలో దొరకిన ఇట్టి గాజుపూసలను పరీక్షించి, లోపల నీటి జాడను కనుగొన్నారు. చాల కొద్దియే, కాని ఉన్నది. మరుసటి యేడు మన చంద్రయాన్-1 మోసికొనిపోయిన పరికరము చంద్రుని ఉపరితలముపై నీటి అణువుల సూచనలను చూపినది. పై నీటి పుట్టుక వేరు, లోపలి నీటి పుట్టుక వేరు. అయినను చంద్రుని గురించి చెప్పుకొను కథ రెండు వైపులనుండియు మారినది.

మూడవ దినము ఉత్తరపు కొండ వాలుపై ఇల్లంత బండ యొకటి ముక్కలై పడియున్న చోటికి పోయినారు. అది పైనుండి దొర్లి వచ్చిన జాడ నేలపై ఇంకను చెరగలేదు. సుమారు 390 కోట్ల సంవత్సరముల నాటి మహాఘాతములో కరిగి గట్టిపడిన రాయి అది. ఆ సమీపమున పలుగొట్టు వంటి పరికరముతో మట్టి దువ్వి ఏరిన చిన్న రాళ్ళలో ఒకటి, 76535 అను సంఖ్య గలది, నేటికిని శాస్త్రజ్ఞులకు మిక్కిలి ప్రియమైనది. లోతున నెమ్మదిగా చల్లారిన రాయి. వయస్సు 420 కోట్ల ఏండ్లకు పైమాట. అందులో మిగిలిన అయస్కాంతపు గురుతులను బట్టి, ఒకప్పుడు చంద్రుని గర్భములో కరిగిన ఇనుము సుడులు తిరుగుచు భూమికి వలెనే అయస్కాంత క్షేత్రమును పుట్టించెనని వాదించుచున్నారు.

పని ముగిసిన తరువాత ష్మిట్ తన సుత్తిని బలముకొలది దూరముగా విసరివేసినాడు. భారము తగ్గించుకొనుటకు ఎట్లును విడిచిపెట్టవలసినదే. డిసెంబరు 14న చంద్రుని విడిచి, 19న పసిఫిక్ సముద్రములో దిగినారు. తెచ్చిన రాళ్ళు, మన్ను 110 కిలోగ్రాములు. అపోలో యాత్రల నమూనాలు దేశదేశములకు అందినవి. బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో దేవేంద్ర లాల్ బృందము చంద్రుని మట్టి రవ్వలలో విశ్వకిరణములు గీచిన సూక్ష్మమైన గీతలను పరిశీలించినది. ఆ డిసెంబరు తరువాత అర్ధశతాబ్ది నిండినను చంద్రునిపై మరియొక మనిషి అడుగు పడలేదు.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. 1975లో ష్మిట్ అంతరిక్ష సంస్థను విడిచి రాజకీయములలోనికి దిగినాడు. 1976లో న్యూ మెక్సికోనుండి సెనేటుకు ఎన్నికై ఆరేండ్లు సభ్యుడుగా ఉన్నాడు. 1982 ఎన్నికలలో ప్రత్యర్థి వేసిన ప్రశ్న చమత్కారమైనది: ఈ మధ్య ఈ భూమి మీద ఇతడు మీకు చేసినదేమిటి? ఓటర్లు ప్రత్యర్థిని గెలిపించినారు. పిమ్మట విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో బోధించుచు, చంద్రుని మట్టిలో సూర్యుని గాలి నింపిన హీలియం-3 అను వాయువును త్రవ్వి తెచ్చి విద్యుత్తు పుట్టింపవచ్చునని ప్రచారము చేసినాడు. 2006లో గ్రంథము వ్రాసినాడు. ఆ వాయువుతో నడచు విద్యుత్కేంద్రము ఇంతవరకు ఏ దేశములోను వెలయలేదు. మానవుని చేతలవలన భూమి వేడెక్కుచున్నదను అభిప్రాయమును కూడ అతడు ఎదిరించినాడు. ఆ విషయమును పరిశీలించుటే పనిగా గల శాస్త్రజ్ఞులలో అత్యధికులు అతనితో ఏకీభవింపరు. నాకును వారి మాటయే ప్రమాణము. రాయిని చదువుటలో అతనికున్న అధికారము వాతావరణమునకు వర్తింపదు.

ఒక్క సంగతి మిగిలినది. రెండవ దినమున, షార్టీకి పోవుటకు ముందు, దక్షిణపు కొండనుండి జారిపడి లోయలో పరచుకొన్న తెల్లని మట్టిమీద వారు ఒక జంట గొట్టమును నేలలోనికి దించినారు. దాని క్రింది సగమును చంద్రునిపైననే గాలి చొరని పాత్రలో పెట్టి ముద్రవేసినారు. భూమికి వచ్చిన తరువాత దానిని తెరువలేదు. రాబోవు కాలములో మెరుగైన పరికరములు వచ్చునని, అప్పటివారికి వదలిపెట్టినారు. పై సగమును 2019లో తెరచినారు. క్రింది సగమును, ముందుగా దానిలోని వాయువును జాగ్రత్తగా పీల్చుకొని, 2022 మార్చిలో హ్యూస్టను నగరములో తెరచినారు. కొండ ఎప్పుడు జారినది, ఎందుకు జారినది, లోపల ఎట్టి వాయువులు చిక్కుకొనియున్నవి అని పరిశీలన సాగినది. గొట్టమును నేలలో దించిన ఇద్దరిలో సెర్నన్ 2017లోనే మరణించినాడు. రెండవవాడు ఎనుబదియారేండ్ల వయస్సులో, ఆ మట్టిని పరిశీలించు బృందములో సభ్యుడుగా ఉన్నాడు.